రోహిణి కార్తెలో సైకిల్ మీద నూరు కిలోమీటర్లు: నా అనుభవం

నేను పుట్టి పెరిగింది విజయవాడ సత్యనారాయణపురంలో. ముప్పై ఆరేళ్లుగా ఈ ఎండలోనే తిరుగుతున్నాను కాబట్టి ఎండ గురించి నాకు ఒకరు చెప్పాల్సింది లేదనుకునేవాణ్ణి. ఎండలో తిరగడం వేరు, అదే ఎండలో గంటల తరబడి కాళ్లతో పని చేయించడం వేరు. ఆ తేడా నాకు మే నెల చివర్లో, రోహిణి కార్తె మొదలైన మూడో రోజున, తాడికొండ అడ్డరోడ్డు దాటాక ఒక వేపచెట్టు కింద తెలిసింది.

ఆ ఎండల్లో ఎందుకు బయల్దేరారని అందరూ అడిగారు. మా అక్క భర్త ప్రభుత్వ బడిలో టీచరు. నాకు సైకిల్ పిచ్చి అంటించింది ఆయనే. బడి ఉన్న రోజుల్లో ఆయనకి రోజంతా ఖాళీ దొరకదు. వేసవి సెలవులు అయిపోయేలోపు ఒక్కసారైనా వంద కిలోమీటర్లు తొక్కాలని ఇద్దరం అనుకున్నాం. దారి నేనే గీశాను. ప్రకాశం బ్యారేజీ దాటి మంగళగిరి, అక్కడ కొండ ఎక్కడం, తర్వాత గుంటూరు, గుంటూరు నుంచి అమరావతి, అమరావతి నుంచి కృష్ణ కరకట్ట మీదుగా ఇంటికి. ఫోనులో లెక్కేస్తే దాదాపు 105 కిలోమీటర్లు వచ్చింది. అప్పటికి నేను ఒక్క రోజులో తొక్కిన ఎక్కువ దూరం అరవై. అది కూడా సంక్రాంతి చలిలో.

ముందు రోజు రాత్రి సామాను సర్దుకున్నాను. సైకిల్‌కి రెండు సీసాలు, వీపు సంచిలో ఇంకో రెండు లీటర్ల నీళ్లు, పంపు, ఒక ట్యూబు, పంక్చర్ అతుకులు, లైట్లు, తువ్వాలు, నాలుగు అరటిపళ్లు. అక్క స్టాఫ్ నర్సు. నాలుగు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంపించింది. అవి విరేచనాలైనప్పుడు తాగేవి కదా, సైకిల్ తొక్కేవాడికి ఎందుకు అని ఫ్రిజ్ మీద పెట్టేసి పడుకున్నాను. అమ్మ మాత్రం ఒక ఖాళీ లీటరు సీసా కడిగి ఇచ్చింది. "ఎలాగూ కొండెక్కుతున్నారుగా, స్వామి పానకం పట్టుకురా నాన్నా" అంది.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరాం. ఆ వేళకి కూడా గాలి వెచ్చగానే ఉంది. రాత్రంతా తారు రోడ్డు దాచుకున్న వేడి కాళ్లకి తగులుతోంది. బ్యారేజీ మీదికి వచ్చేసరికి కాస్త హాయిగా అనిపించింది. 1957లో కట్టిన ఈ బ్యారేజీ పొడవు 1223 మీటర్లు. కారులో వెళ్తే ఆ పొడవు తెలియదు. సైకిల్ మీద ప్రతి ఖానా లెక్కపెట్టుకుంటూ వెళ్లొచ్చు. కుడి వైపు నిండుగా నీళ్లు, ఎడమ వైపు ఇసుక తిన్నెలు, వాటి మీద తెల్లబడుతున్న ఆకాశం. బావ ఏమీ మాట్లాడకుండా ముందు వెళ్తున్నారు. ఆయన వెనక లైటు ఎర్రగా మెరుస్తూ ఆరుతూ ఉంది. ఆ రోజు మొత్తంలో నాకు బాగా గుర్తున్న సుఖమైన పావుగంట అది.

సీతానగరం, తాడేపల్లి దాటి మంగళగిరి చేరేసరికి సూర్యుడు వచ్చేశాడు. పానకాల స్వామి కొండకి మెట్లు 1890లో వేశారు. వాహనాలు వెళ్లే రోడ్డు వచ్చింది 2004లో. మేం ఎక్కింది ఆ రోడ్డే. మరీ పొడవైనది కాదు, కానీ నిటారు. మొదటి మలుపు తిరగగానే సైకిల్ అన్నిటికన్నా తేలిక గేరులోకి వెళ్లిపోయింది. ఇక దించడానికి గేరు లేదు. బావ నేర్పిన పద్ధతి ఏమిటంటే, వాలు మరీ ఎక్కువైనప్పుడు రోడ్డు మీద అటూ ఇటూ వంకరగా తొక్కుతూ ఎక్కాలి. దూరం పెరుగుతుంది, కష్టం తగ్గుతుంది. వాహనాలు వచ్చే వేళ అలా చేయకూడదు. ఆ పొద్దున రోడ్డు ఖాళీ కాబట్టి సరిపోయింది. చివరి మలుపు దగ్గర నా ముందు చక్రం పైకి లేవబోయింది. దిగి నడిపించుకుంటూ వెళ్లాను. బావ తొక్కుకుంటూనే ఎక్కేశారు. పైనుంచి చూస్తే కింద గుడి గాలిగోపురం మనకన్నా కిందుగా కనిపిస్తుంది. 11 అంతస్తులు, 153 అడుగులు. 1807-09 మధ్య రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించినది. చిన్నప్పుడు దాని కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూసేవాణ్ణి.

తలుపులు తీశాక దర్శనం చేసుకున్నాం. స్వామికి విగ్రహం లేదు, కొండరాతిలో తెరుచుకున్న నోరు మాత్రమే. శంఖంతో బెల్లం పానకం పోస్తుంటే గుటకలు వేస్తున్న చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి ఆగిపోతుంది. మిగిలింది ప్రసాదంగా ఇచ్చేస్తారు. అంత బెల్లం ఒలికే చోట చీమ కనిపించదని అమ్మ నా చిన్నప్పటి నుంచీ చెబుతుంది. ఆ రోజూ వెతికాను, కనిపించలేదు. అమ్మ ఇచ్చిన సీసా నిండా పానకం పట్టుకుని, మూత బిగించి, తడి తువ్వాలు చుట్టి సంచి అడుగున పెట్టాను. అది అమ్మది. దాని మీద నా చెయ్యి పడకూడదని అనుకున్నాను.

దిగేటప్పుడు ఒక సంగతి. కొండ దిగుతూ బ్రేకులు అదేపనిగా పట్టి ఉంచితే చక్రం రిమ్ము వేడెక్కిపోతుంది. ముందు బ్రేకు కాసేపు, వెనక బ్రేకు కాసేపు మార్చి మార్చి పట్టుకోవాలి. మధ్యలో ఆగి రిమ్ము మీద వేలు పెట్టి చూస్తే చురుక్కుమంది. ఎండాకాలంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

మంగళగిరి నుంచి గుంటూరుకి హైవే. కాజ, నాగార్జున యూనివర్సిటీ, పెదకాకాని. సర్వీసు రోడ్డు ఉన్నంత మేర దాని మీద, లేనిచోట తెల్లగీతకి ఎడమ పక్కన. లారీలు పక్కనుంచి వెళ్తుంటే వాటి గాలికి సైకిల్ ఒక్కసారి ఊగుతుంది. అంతకుమించి ఆ ఇరవై కిలోమీటర్ల గురించి చెప్పడానికేం లేదు. తొమ్మిదిలోపే బ్రాడీపేటలో మా పిన్ని ఇంటి ముందు ఆగాం.

పిన్ని వేడి ఇడ్లీలు, అల్లం పచ్చడి పెట్టింది. తిన్నాక చాప వేసి, "ఇక్కడే పడుకోండి. సాయంత్రం నాలుగింటికి లేపుతాను" అంది. బావ కూడా అదే అన్నారు. నేనే ఒప్పుకోలేదు. అమరావతి ముప్పై మూడు కిలోమీటర్లే, రెండు గంటల్లో చేరిపోతాం, భోజనం అక్కడ చేసి మధ్యాహ్నం గుడి దగ్గర నీడలో పడుకుందాం అన్నాను. పొద్దున్న కొండ ఎక్కిన ఉత్సాహం ఇంకా ఒంట్లో ఉంది. "రోహిణిలో రోళ్లు పగులుతాయంటార్రా" అంటూ పిన్ని గుమ్మం దాకా వచ్చింది. అప్పటికి పదీ పది.

గోరంట్ల దాకా బాగానే ఉంది. లాం ఫారం దగ్గర రోడ్డు పక్క చెట్ల కింద ఆగాం. గుంటూరు మిర్చి అంటే గుర్తొచ్చే ఎల్‌సీఏ 334 లాంటి రకాలు పుట్టింది ఈ పరిశోధన స్థానంలోనే. బావకి చేనూ పంటా అంటే ఇష్టం, ఆయన ఆ కబుర్లు చెబుతుంటే నేను నీళ్లు తాగుతూనే ఉన్నాను. దాహం వేసినా వేయకపోయినా తాగాలని ఎక్కడో విన్నాను. తాగింది ఉత్త నీళ్లు. గుంటూరులో నింపుకున్నవి అయిపోయాయి, మళ్లీ కొన్నాను. ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి లెక్కేస్తే అయిదు లీటర్లు దాటిపోయాయి.

లాం దాటాక నీడ లేదు. రెండు వైపులా దున్ని వదిలేసిన నల్లరేగడి చేలు, వాటి మీద నీళ్లలా కదులుతున్న వేడి. పడమటి వైపు నుంచి వడగాలి మొహానికి కొడుతోంది. మామూలు రోజుల్లో సైకిల్ మీద వెళ్తుంటే తగిలే గాలే మనల్ని చల్లబరుస్తుంది. గాలి వేడి ఒంటి వేడిని మించిపోయాక ఆ గాలి చల్లబరచదు, ఇంకా వేడెక్కిస్తుంది. చెమట ఒక్కటే దిక్కు. ఆ చెమట కూడా పట్టినట్టు తెలియదు, పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది. నా నల్ల టీషర్టు మీద తెల్లగా ఉప్పు చారలు కట్టాయి. అవి చూశాను కూడా. ఒంట్లోంచి ఏం పోతోందో కళ్ల ముందు అంత స్పష్టంగా కనిపిస్తున్నా నాకు అర్థం కాలేదు.

మొదట కుడి పిక్క పట్టేసింది. దిగి రుద్దుకుని మళ్లీ ఎక్కాను. తర్వాత కడుపులో తిప్పడం మొదలైంది. నీళ్లు తాగితే లోపల గొడగొడమంటున్నాయి కానీ ఓపిక రావడం లేదు. చేతివేళ్లు ఉబ్బి పెళ్లి ఉంగరం బిగుసుకుపోయింది. ఆ తర్వాత వచ్చింది నన్ను నిజంగా భయపెట్టింది. అంత ఎండలో చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చలి వేసినట్టు అనిపించింది. "బావా" అని పిలిచాను. ఆయన వెనక్కి తిరిగి చూసేలోపు నేను సైకిల్‌ని రోడ్డు పక్కకి పడేసి వేపచెట్టు కింద కూలబడ్డాను. కళ్లు బైర్లు కమ్మాయి.

ఆ చెట్టుకి నాలుగడుగుల దూరంలో తాటాకు పందిరి వేసిన చలివేంద్రం ఉంది. ఇసుకలో మూడు కుండలు, వాటి చుట్టూ తడి గోనెసంచులు. కనిపెట్టుకుని ఉన్న ముసలమ్మ లేచి వచ్చింది. నేను నీళ్ల కోసం చెయ్యి చాపితే ఇవ్వలేదు.

"నీళ్లు తర్వాత. పొద్దుట్నుంచీ ఏం తాగావు నాయనా?"

"నీళ్లేనమ్మా."

"ఉత్త నీళ్లేనా? ఉప్పేదీ?"

తన కోసం తెచ్చుకున్న మజ్జిగ గిన్నెలో ఇంత ఉప్పు వేసి, చేత్తో కలిపి గ్లాసులో పోసి ఇచ్చింది. గడగడా తాగనివ్వలేదు, గుక్క గుక్కకీ ఆగమంది. "మిరపకాయ కోతలకెళ్లేటప్పుడు మేం ఉప్పేసిన గంజి తాగి వెళ్లేవాళ్లం. ఉత్త నీళ్లు తాగితే పొట్ట నిండుద్ది, సత్తువ రాదు" అంది. నా సంచి విప్పి తువ్వాలు తీయబోయిన బావ చేతికి పానకం సీసా తగిలింది. ఆమె చూసి అదేమిటని అడిగింది. మంగళగిరి పానకం, అమ్మ కోసం అని చెప్పాను.

ఆమె కాసేపు నా మొహంలోకి చూసింది. "స్వామి నీ సంచిలో పెట్టి పంపిస్తే నువ్వు ఎండలో మోసుకు తిరుగుతున్నావా? తాగు. మీ అమ్మ ఏమీ అనదు."

తాగాను. బెల్లం, మిరియాలు, యాలకులు. అంత వేడిలోనూ తడి తువ్వాలు చుట్టి ఉండటంతో ఇంకా గోరువెచ్చగా మాత్రమే ఉంది. మజ్జిగ గ్లాసు ఒకటి, పానకం గ్లాసు ఒకటి. ఆమె చెప్పిన వరసలోనే తాగాను.

బావ ఈలోపు అక్కకి ఫోన్ చేశారు. అక్క గొంతులో తమ్ముడితో మాట్లాడుతున్న తీరు లేదు, వార్డులో ఉన్నట్టే అడిగింది. పేరు చెప్పమను. మాట తడబడుతోందా? చెమట పడుతోందా, ఒళ్లు పొడిగా కాలిపోతోందా? వాంతి అయిందా? ఆఖరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్లాడు? అన్నిటికీ జవాబు చెప్పగలిగాను, చెమట పడుతోంది. మాట తేడా వచ్చినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా ఒక్క నిమిషం ఆగకుండా 108కి ఫోన్ చేయమని, అది వడదెబ్బ అని, ఇంటి వైద్యంతో పోయేది కాదని బావకి గట్టిగా చెప్పింది. అప్పటిదాకా మెడ మీద, చంకల్లో, గజ్జల్లో తడిగుడ్డ పెట్టి విసురుతూ ఉండమంది. బావ అరగంట పాటు విసిరారు. పుస్తకాలు పట్టుకునే చేతులు. వద్దన్నా ఆపలేదు.

తర్వాత ఇంటికి వచ్చి అక్క కూర్చోబెట్టి చెప్పిన విషయం ఇది. చెమటలో నీళ్లతో పాటు సోడియం పోతుంది. పోయిన ఉప్పు తిరిగి ఇవ్వకుండా ఉత్త నీళ్లు పోస్తూ ఉంటే రక్తంలో మిగిలిన సోడియం ఇంకా పలచబడుతుంది. వికారం, తలనొప్పి, వేళ్లు ఉబ్బడం అందువల్లే. మరీ ముదిరితే మెదడు మీద పడుతుంది. ఫ్రిజ్ మీద వదిలేసిన ప్యాకెట్ తెచ్చి చదివి వినిపించింది. లీటరు నీళ్లకి 20.5 గ్రాముల పొడి. అందులో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, ట్రైసోడియం సిట్రేట్ 2.9, పొటాషియం క్లోరైడ్ 1.5. పేగుల్లో సోడియం, గ్లూకోజ్ రెండూ జతగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లు వెళ్తాయి. అందుకే తీపి, ఉప్పు రెండూ ఉండాలి. పానకంలో తీపి, మజ్జిగలో ఉప్పు కలిసి ఆ రోజు చేసిన పని అదే. కొలత ప్రకారం అది ఓఆర్‌ఎస్ కాదు, ఆ కాసేపటికి మాత్రం నన్ను నిలబెట్టింది. ప్యాకెట్‌ని సగం సగం చేసి కలపొద్దని, రుచి కోసం పంచదార వేయొద్దని, పెట్టె మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనమని కూడా చెప్పింది. బీపీ, కిడ్నీ సమస్యలున్న వాళ్లు ఉప్పు సంగతి ముందు డాక్టరుని అడగాలంది.

అప్పటి నుంచి నా సైకిల్‌కి ఒక సీసాలో ఓఆర్‌ఎస్, రెండో దాంట్లో నీళ్లు ఉంటాయి. రెండో సీసాలో సగం తాగడానికి, సగం నెత్తి మీద, చేతుల మీద పోసుకోవడానికి. ఏప్రిల్ నుంచి జూన్ వానలు పడేదాకా తొమ్మిదింటికల్లా ఎక్కడ ఉంటే అక్కడ ఆగిపోతాను, మళ్లీ నాలుగు తర్వాతే. నల్ల టీషర్టు మానేసి లేత రంగు వదులు చొక్కా వేసుకుంటున్నాను. ఎండ కాలం మొదట్లో వారం పది రోజులు తక్కువ దూరాలు తొక్కి ఒంటికి అలవాటు చేస్తాను. చలికాలంలో అరవై తొక్కిన ఒళ్లు మే నెలలో నూరు తొక్కేస్తుందని నేను వేసుకున్న లెక్క అసలు తప్పు.

నాలుగింటి దాకా ఆ పందిరి కిందే ఉన్నాం. ముసలమ్మ మాకు తన అన్నంలో పెరుగు కలిపి పెట్టింది, ఎంత చెప్పినా డబ్బు తీసుకోలేదు. ఆటోలో సైకిళ్లు వేసుకుని వెనక్కి పోదామని బావ అన్నారు. అక్క ఇంకోసారి ఫోన్ చేసి, మూత్రం వచ్చిందని, తల తిరగడం లేదని తెలుసుకుని, మెల్లగా వెళ్తానంటే వెళ్లమంది. ఏ మాత్రం తేడా అనిపించినా ఆటో ఎక్కాలని బావ చేత ఒట్టు వేయించుకుంది.

అమరావతి చేరేసరికి అయిదు దాటింది. గుడి మెట్ల దగ్గర కృష్ణ నీళ్లు మొహాన చల్లుకున్నాను. పొద్దున్న మంగళగిరిలో గోపురం కట్టించిన వెంకటాద్రి నాయుడే ఈ అమరావతిని తన రాజధానిగా చేసుకున్నాడని బావ గుర్తుచేశారు. ఆయన గుర్రం మీద తిరిగిన దూరం ఈ రోజు మనం సైకిల్ మీద తిరిగాం అన్నారు. నాకు మాట్లాడే ఓపిక లేక తలూపాను.

కరకట్ట ఎక్కాక దారి మారిపోయింది. వెనక పొద్దు వాలుతోంది, ఎదురుగా తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలైంది. మధ్యాహ్నం వడగాలి తిన్న ఒంటికి ఆ గాలి ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. వైకుంఠపురం కొండ మీద గుడి దీపం కనిపించింది. ఎడమ వైపు నది నల్లబడుతూ వచ్చింది. వెంకటపాలెం దగ్గర బావ టైరులో తుమ్మముల్లు దిగింది. ఫోను వెలుతురులో ట్యూబు మార్చడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పెనుమాక, ఉండవల్లి వైపు అరటి తోటల మీదుగా వచ్చే తడి వాసన ముక్కుకి తగిలాక ఇల్లు దగ్గరపడిందనిపించింది.

బ్యారేజీ మీదికి వచ్చేసరికి ఎనిమిదింపావు. దీపాలన్నీ నీళ్లలో పడి ఊగుతున్నాయి. పొద్దున్న వెళ్లిన రోడ్డే. సగంలో బావ సైకిల్ ఆపి, నా సీసాలో కలిపిన ఓఆర్‌ఎస్ ఎంత మిగిలిందో ఎత్తి చూశారు. అమరావతిలో మందుల షాపులో కొన్నది అది. అయిపోయిందని చూసి మళ్లీ ఎక్కారు.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. అక్క అంతా చెప్పేసినట్టుంది, ఏమీ అడగలేదు. సంచి విప్పి సీసా ఇచ్చాను. అడుగున నాలుగు వేళ్ల ఎత్తు పానకం మిగిలి ఉంది. అమ్మ దాన్ని కళ్లకద్దుకుని, గ్లాసులో పోసి, సగం తను తాగి, మిగతా సగం నా చేతిలో పెట్టింది.